కోవిడ్ తగ్గి ఐదు నెలలైనా అమ్మకు నీరసం, దిగులు: నడిపించాలా, పడుకోనివ్వాలా?

ప్రశ్న (మలక్‌పేట):
అమ్మకు 63. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి మాత్ర ఏళ్లుగా వాడుతోంది. పూజ, వంట తనే చేసుకున్న రోజు బాగానే ఉంటుంది. మర్నాడో ఆ పై రోజో మంచం దిగదు. మాట మధ్యలో పదం దొరకదు, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. రోజూ పార్కులో నాలుగు రౌండ్లు తిప్పితే అన్నీ సర్దుకుంటాయంటున్నారు చుట్టాలు. ఇది లాంగ్ కోవిడా (కోవిడ్ తగ్గాక నెలల తరబడి మిగిలే ఇబ్బందులు), డిప్రెషనా?

జవాబు (ఫిజియో, కూకట్‌పల్లి):
పార్కు రౌండ్లు వెంటనే ఆపించండి. మీరు రాసిన "మర్నాడో ఆ పై రోజో" అన్నదే అసలు గుర్తు. పని చేసిన 12 నుంచి 48 గంటల తర్వాత కూలబడిపోవడం లాంగ్ కోవిడ్‌లో తరచూ చూసేదే. అలాంటివాళ్లను బలవంతంగా నడిపిస్తే ఇంకా వెనక్కి పోతారు.

రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఏ పని, ఎన్ని నిమిషాలు, నిలబడా కూర్చునా, మర్నాడు అలసట పదికి ఎంత. 20 నిమిషాలకు అలసిపోతున్నారని తేలితే 12 నిమిషాలకే ఆపించాలి, అలసట రాకముందే. కూరలు స్టూలు మీద కూర్చుని తరగాలి. చాలామంది దెబ్బతినేది బాగున్న రోజునే. ఓపిక ఉంది కదా అని మిగిలిన పనులన్నీ ఆ రోజే ముందేసుకుంటారు. గంటసేపు ఫోన్లో మాట్లాడటం, చుట్టాలు రావడం కూడా శ్రమే, అవీ రాయండి.

జవాబు (జనరల్ మెడిసిన్):
పేరు పెట్టే ముందు వేరే కారణాలు చూడాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బి12 తగ్గవచ్చు. నీరసం, మతిమరుపు, దిగులు మూడూ దానితోనూ వస్తాయి. బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), సీబీపీ (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీ), సోడియం, ఈసీజీ చేయించండి. నిమ్స్‌లోనో గాంధీలోనో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్తే చాలు.

ఇంట్లో ఒకటి చూడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ, పల్స్ రాయండి. లేచి నిలబడ్డాక 1, 3 నిమిషాలకు మళ్లీ. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై బీపీ 20 తగ్గినా, పల్స్ 30 పెరిగినా ఆ అంకెలు డాక్టరుకు చూపించండి. బీపీ మాత్ర మాత్రం మీరే ఆపొద్దు. ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, మూతి వంకరపోవడం ఉంటే ఓపీ కాదు, ఎమర్జెన్సీయే.

జవాబు (కౌన్సెలర్):
లాంగ్ కోవిడ్, డిప్రెషన్ రెండూ కలిసి ఉండొచ్చు. తేడా కోసం ఒక్క మాట అడగండి: "అమ్మా, చేయాలని ఉండి ఓపిక లేదా, అసలు చేయాలనే లేదా?" మనవడి ఫోన్ వస్తే ముఖం వెలిగి, పది నిమిషాలకు వాలిపోతే మొదటిది, లాంగ్ కోవిడ్ వైపు. ఫోన్ ఎత్తాలనే లేకపోతే రెండోది, డిప్రెషన్ వైపు.

డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చూపించమంటారు. అయితే అందులో నిద్ర, అలసట, ఆకలి, ఏకాగ్రత ప్రశ్నలకు లాంగ్ కోవిడ్ వల్లే మార్కులు పెరుగుతాయి. అందుకే ఆసక్తి, దిగులు గురించిన మొదటి రెండు ప్రశ్నలు విడిగా చూడండి. బతకాలని లేదన్న తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏం వచ్చినా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ వెళ్లొచ్చు.

నిద్ర పట్టలేదని మెడికల్ షాపులో అల్ప్రాజోలం తేవద్దు. ఈ వయసులో తూలి పడతారు, మతిమరుపూ పెరుగుతుంది. డిప్రెషన్ మాత్ర మొదలైతే కొన్ని వారాలకు సోడియం మళ్లీ చూపించండి, ఈ వయసులో ఆ మాత్రలతో అది తగ్గవచ్చు.

"మనసుకు తెచ్చుకోకు" అనొద్దు. నటిస్తున్నానని అనుకుంటున్నారేమోనని కుమిలిపోతారు. "ఈరోజు నీకు ఏ ఒక్క పని ముఖ్యం?" అనండి. పూజ అంటే దీపం ఆవిడే కుర్చీలో కూర్చుని వెలిగిస్తారు. వంట మీరు చూసుకోండి.