డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో ఇతివృత్త సెమినార్: అందరికీ తప్పనిసరి చేయవచ్చా?

నల్లబల్ల:
అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. డిగ్రీలో చేరిన ప్రతి విద్యార్థీ, గ్రూపు ఏదైనా సరే, మొదటి సెమిస్టర్‌లోనే ఒక ఇతివృత్తం చుట్టూ నడిచే సెమినార్ కోర్సు చదివి తీరాలన్న ప్రతిపాదన మా దగ్గర చర్చకు వచ్చింది. సెమినార్ అనగానే ఒకరు ముందు నిలబడి పీపీటీ చదువుతుంటే మిగతావారు అటెండెన్స్ కోసం కూర్చునే కార్యక్రమం గుర్తుకు రావచ్చు. ఇక్కడ ఉద్దేశించింది వేరు. పదిహేను మంది ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఇంటి దగ్గర చదివి వచ్చినదాని గురించి మాట్లాడుకుంటారు, ఒకరు రాసినదాన్ని మరొకరు దిద్దుతారు.

నేను దీనికి అనుకూలం. నిరుడు క్రెడిట్లేవీ లేకుండా, శనివారం మధ్యాహ్నాలు, పద్నాలుగు మందితో 'మూసీ' అన్న ఇతివృత్తం మీద ఇలాంటిదే నడిపి చూశాను. 1908 సెప్టెంబరు 28 నాటి వరదతో మొదలుపెట్టి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కిందికి అందరం వెళ్ళాం. వరద వచ్చిన రోజు దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. అదే వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ గురించి ఉర్దూ చదవగలిగిన ఒక అమ్మాయి చెబుతుంటే ఎవరూ కదల్లేదు. ఆ విపత్తు తరువాత విశ్వేశ్వరయ్య చేసిన సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయని తెలుసుకున్నాక, అప్పటిదాకా నోరు విప్పని ఒక బీకాం కుర్రాడు, "ఆ రెండూ నిండి గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు మళ్ళీ ఎవరి ఇళ్ళలోకి వెళ్తాయి సార్?" అని అడిగాడు. చరిత్ర ఒక్కటే చదివిన నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. ఆ తరువాతి నాలుగు వారాలూ ఆ ప్రశ్న వెంటే నడిచాం.

లెక్కలసారు:
నల్లబల్ల గారూ, మీ శ్రమ పట్ల నాకు గౌరవం ఉంది. కానీ ఆ పద్నాలుగు మంది తమంతట తాముగా వచ్చినవారు. వారిని చూసి అందరి మీదా నిబంధన పెట్టడం సరికాదు. మా సెక్షన్‌లో 60 మంది ఉన్నారు. పదిహేను మంది చొప్పున నాలుగు బ్యాచ్‌లు చేసి, వారానికి మూడు గంటలు వేసుకుంటే ఒక్క సెక్షన్‌కే 12 గంటలు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ బోధన భారం వారానికి 16 గంటలు, అంటే ఒక మనిషి పనిలో ముప్పాతిక భాగం దీనికే పోతుంది. గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్న కళాశాలలో ఆ మనిషి ఎక్కడినుంచి వస్తాడు?

ఢిల్లీ విశ్వవిద్యాలయం అనుభవం కూడా మనకు ఉంది. అక్కడ 2013లో నాలుగేళ్ళ డిగ్రీతో పాటు పదకొండు ఫౌండేషన్ కోర్సులు అందరికీ తప్పనిసరి చేశారు. పదో తరగతితో గణితం వదిలేసినవారూ, గణితం ఆనర్స్‌లో చేరినవారూ ఒకే గణిత కోర్సు చదవాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2014 జూన్‌లో, ఆ పద్ధతి మొత్తాన్నీ ఉపసంహరించుకున్నారు. మన పిల్లల స్థాయి కూడా చూడండి. మూడింట రెండు పెద్దదా, నాలుగింట మూడు పెద్దదా అని మొన్న తరగతిలో అడిగితే సగం మంది తల దించుకున్నారు. వీరికి ముందు కావలసింది పునాది. ఉన్న కొద్ది గంటలూ దానికే దక్కాలి.

చార్లెస్‌తీరం:
బోస్టన్ దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడి వ్యవహారం తెలిసినంతవరకు చెబుతాను. హార్వర్డ్‌లో ఈ మొదటి ఏడాది సెమినార్లు 1959లో, పోలరాయిడ్ కెమెరాల సంస్థ స్థాపకుడు ఎడ్విన్ ల్యాండ్ ఇచ్చిన విరాళంతో మొదలయ్యాయి. ల్యాండ్ అదే హార్వర్డ్‌లో చేరి మొదటి ఏడాది తరువాత చదువు వదిలి వెళ్ళిపోయినవాడు. కళాశాలలో అడుగుపెట్టిన రోజునుంచే విద్యార్థికి తనదైన పరిశోధన, దాన్ని దగ్గరుండి చూసే ఒక పెద్ద ఉండాలని 1957లో ఎంఐటీలో చేసిన ప్రసంగంలో ఆయన వాదించాడు. హార్వర్డ్ పద్ధతిలో ఒక్కో సెమినార్‌లో పన్నెండు మంది వరకే ఉంటారు, గ్రేడు ఇవ్వరు, తృప్తికరమా కాదా అన్నది మాత్రమే నమోదు చేస్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి, అది తప్పనిసరి కాదు. హార్వర్డ్ మొదటి ఏడాదిలో తప్పనిసరి చేసింది వ్యాసరచన కోర్సును.

దీనితో కలిపి గందరగోళపడే పద్ధతి మరొకటి ఉంది. 1970లో విద్యార్థుల ఆందోళనలతో అట్టుడికిన సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం, 1972లో 'యూనివర్సిటీ 101' అనే కోర్సు ప్రారంభించింది. కొత్తవారిని కళాశాల జీవితానికి అలవాటు చేయడం దాని పని. మన ఇంజనీరింగ్ కళాశాలల్లోని ఇండక్షన్ కార్యక్రమమూ, యూజీసీ తెచ్చిన 'దీక్షారంభ్' కూడా ఈ కోవలోవే. ఒకటి జరుగుతోంది కాబట్టి రెండోది అక్కర్లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మూడోబెంచీ:
నేను బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థినిని. మా కళాశాల పేరు చెప్పను. మాకు మొదటి ఏడాదిలో ఇలాంటి ఉద్దేశంతోనే ఒక రెండు క్రెడిట్ల తప్పనిసరి కోర్సు పెట్టారు. రెండు సెక్షన్లను కలిపి ఒకే హాల్లో కూర్చోబెట్టి నోట్సు చెప్పించారు. పరీక్షకు వారం ముందు ఎనిమిది ఐఎంపీ ప్రశ్నలు ఇస్తే అవే వచ్చాయి, అందరం పాసయ్యాం. ఆ కోర్సులో ఏం చదివానో ఇప్పుడు నాకు ఒక్క వాక్యం కూడా గుర్తులేదు. అయినా లెక్కల సారు గారికి ఒక మాట విన్నవించుకుంటాను. మొదటి ఏడాది మొత్తంలో నా పేరు తెలిసిన అధ్యాపకులు ఒక్కరూ లేరు. హాజరు పట్టీలో నేను 47వ నంబరును. ఆ పద్నాలుగు మందిలో నేనూ ఉండి ఉంటే బాగుండేదని చదువుతున్నంతసేపూ అనిపించింది.

నల్లబల్ల:
చార్లెస్‌తీరం గారి మాట, ఈ అమ్మాయి మాట కలిపి చదివాక నా అభిప్రాయంలో ఒక భాగం మార్చుకుంటున్నాను. అందరికీ తప్పనిసరి అన్నది తీసేయాలి. తప్పనిసరి చేసిన మరుక్షణం అందరికీ ఒకే సిలబస్ కావాలంటారు, సిలబస్ వెనకే ప్రశ్నపత్రం, దాని వెనక గైడు వస్తాయి. ఇతివృత్తం ఎంచుకునే స్వేచ్ఛ బోధించేవారికి ఉండాలి, ఎందుకంటే తనకే ఆసక్తి లేని విషయం మీద ఎవరూ పదిహేను మందిని మాట్లాడించలేరు. పరీక్ష ఉండకూడదు. చర్చ తెలుగులో జరగడానికి అడ్డు ఉండకూడదు, రాత కూడా అంతే.

పునాది విషయంలో మాత్రం లెక్కల సారు గారితో ఏకీభవించలేను. గేట్లు ఎత్తారన్న వార్త చదివిన రోజున మా పిల్లలకు క్యూసెక్కు అంటే ఏమిటో తెలియదు. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు అని చెప్పి వదిలేశాను. ఆ బీకాం కుర్రాడు తన పుస్తకం వెనక అట్ట మీద గుణించుకుంటూ పోయి, రెండుసార్లు తప్పు చేసి, మూడోసారి తల ఎత్తి, ఒక్క క్యూసెక్కు గంటసేపు పారితే పదివేల లీటర్ల ట్యాంకర్లు పది నిండుతాయని చెప్పాడు. వాళ్ళ కాలనీకి ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుంది, అందుకే అతను లీటర్ల దగ్గర ఆగలేదు. పునాది ముందు, ప్రశ్న తరువాత అన్న వరస అతని విషయంలో తిరగబడింది.

లెక్కలసారు:
ఆ ట్యాంకర్ల లెక్క నేను చేసి చూశాను, సరిపోయింది. రేపు మా తరగతిలో ఇదే ఇస్తాను. తప్పనిసరి తీసేస్తే నా అభ్యంతరాల్లో సగం పోయినట్టే. మిగిలిన సగం పనిగంటల గురించి. మీరు శనివారాలు ఇచ్చారు, అందరూ ఇవ్వలేరు, ఇవ్వాలని అడగకూడదు కూడా. సెమినార్ గంటలను పదహారులో భాగంగా లెక్కిస్తామన్న ఉత్తర్వు కాగితం మీదికి వచ్చేదాకా మా కళాశాలలో ఈ ప్రతిపాదనకు నా ఓటు వ్యతిరేకంగానే పడుతుంది.