సి ప్రోగ్రాంలో వెబ్‌సాకెట్‌కు డేటా పంపగానే కనెక్షన్ పోతోంది, హెల్ప్ చేయండి

గార్లదిన్నె_చీనీతోట: పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నా, తల పగిలిపోతోంది. బోరు స్టార్టర్ డబ్బా పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టాను. కరెంటు ఉందా, మోటారు ఆడుతోందా, ఎన్ని ఆంపియర్లు లాగుతోంది అనేవి వెబ్‌సాకెట్ (రెండు వైపులా తెరిచే ఉండే కనెక్షన్) మీద సర్వర్‌కు పోవాలి. కనెక్ట్ అవుతోంది. సెండ్ కూడా ఎర్రర్ ఇవ్వడం లేదు. కానీ వెంటనే కనెక్షన్ పోతోంది. బ్రౌజర్ నుంచి పంపితే అదే సర్వర్ బాగానే తీసుకుంటోంది. రేపు త్రీఫేజ్ వచ్చేలోపు బిగించాలి, టెన్షన్‌గా ఉంది.

కడప_సాకెట్: ఏ లైబ్రరీ? 101 (వెబ్‌సాకెట్‌కు సరే అనే సర్వర్ జవాబు) వస్తోందా? క్లోజ్ కోడ్ (ఎందుకు మూసిందో చెప్పే నంబరు) ఎంత?

గార్లదిన్నె_చీనీతోట: లైబ్రరీ ఏమీ లేదన్నా. మామూలు సాకెట్ తెరిచి హెడర్లు పంపాను, 101 వచ్చింది. తర్వాత జేసన్ స్ట్రింగును (రీడింగులు రాసిన టెక్స్ట్) నేరుగా సెండ్ చేస్తున్నా. క్లోజ్ కోడ్ ఎక్కడుంటుంది?

కర్నూలు_ఎంబెడెడ్: అసలు దీనికి వెబ్‌సాకెట్ ఎందుకు తమ్ముడూ? ఎంక్యూటీటీ పెట్టుకో, బ్రోకర్ అనే మధ్య సర్వర్ ద్వారా పరికరాలు మెసేజ్‌లు పంపుకునే పద్ధతి అది. అందులో లాస్ట్ విల్ అని ఉంది. కనెక్ట్ అయ్యేటప్పుడే ఒక మెసేజ్ బ్రోకర్ దగ్గర ఉంచుతావు. కరెంటు పోయి నీ బోర్డు ఆగిపోతే, చెప్పినంతసేపు చూసి బ్రోకరే ఆ మెసేజ్‌ను మిగతావాళ్లకు పంపుతుంది. పొలంలో కావాల్సింది అదే. దానికి మస్కిటో లైబ్రరీ సి లోనే ఉంది. పొలం పనికి వెబ్‌సాకెట్ వాడినవాళ్లను చూసినప్పుడల్లా ఇదే చెబుతున్నా, ఎవరూ వినడం లేదు.

గార్లదిన్నె_చీనీతోట: సర్వర్ నాది కాదన్నా. వాళ్లు వెబ్‌సాకెట్ ఒక్కటే ఇచ్చారు.

కడప_సాకెట్: ఫ్రేమ్ కట్టావా? మాస్క్ చేశావా?

గార్లదిన్నె_చీనీతోట: మాస్క్ అంటే?

ఆదోని_మాస్టారు: అక్కడే ఆగింది నాయనా. 101 వచ్చాక ఆ తీగ మీద మామూలు అక్షరాలు పంపకూడదు, ఫ్రేములే (ముందు పొడవులాంటి వివరాలు, వెనక డేటా ఉన్న కట్టలు) పోవాలి. 2011లో వచ్చిన వెబ్‌సాకెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6455లో ఇదంతా ఉంది. టెక్స్ట్ అయితే మొదటి బైటు హెక్స్ 81. రెండో బైటులో పొడవు, దానికి 128 కలపాలి. ఆ 128 మాస్క్ ఉందని చెప్పే బిట్. ఆ వెనకే నాలుగు బైట్ల కీ. తర్వాత నీ డేటాలో ప్రతి బైటునూ కీలోని బైట్లతో వరుసగా ఎక్సార్ (బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1) చేస్తూ పో, నాలుగు అయ్యాక మళ్లీ మొదటి బైటు. మాస్క్ అంటే ఇదే. క్లయింట్ పంపే ప్రతి ఫ్రేముకూ మాస్క్ తప్పనిసరి. లేకపోతే సర్వర్ కనెక్షన్ మూసేయాల్సిందే, ఆ సందర్భానికి ఉన్న కోడ్ 1002. సర్వర్ నుంచి వచ్చేదానికి మాత్రం మాస్క్ ఉండకూడదు. బ్రౌజర్ ఇదంతా తనే చేసుకుంటుంది కాబట్టి నీకు అక్కడ తేడా తెలియలేదు. కీని ప్రతి ఫ్రేముకూ కొత్తగా, ఎవరూ ఊహించలేనట్టు తీసుకో. దారిలో ఉన్న పాత ప్రాక్సీలను మోసం చేసే దాడులు కుదరకుండా పెట్టిన ఏర్పాటు ఇది.

కర్నూలు_ఎంబెడెడ్: అంటే ప్రతి ప్యాకెట్‌కూ కొత్త కీ.

ఆదోని_మాస్టారు: ప్యాకెట్ కాదు, ఫ్రేమ్. ఒక ఫ్రేము రెండు ప్యాకెట్లలో రావచ్చు, ఒక ప్యాకెట్‌లో మూడు ఫ్రేములు రావచ్చు. కింద డేటా మోసే టీసీపీకి ఆ హద్దులు తెలియవు.

కర్నూలు_ఎంబెడెడ్: మా ఫీల్డులో అందరూ ప్యాకెట్ అనే అంటారు సార్, పని నడుస్తోంది.

ఆదోని_మాస్టారు: పని నడవదు. ఒక రెసీవ్‌కు ఒక మెసేజ్ వస్తుందనుకుని కోడు రాసేది ఇట్లా అనుకునే.

గార్లదిన్నె_చీనీతోట: మాస్క్ పెట్టాను, పోతోంది! కానీ చిన్న మెసేజ్‌లే. అవి కూడా ఒక్కోసారి పోవడం లేదు. మోటారు వివరాలన్నీ కలిపి 200 బైట్లు పంపితే సర్వర్‌లో ఏమీ రాదు, కనెక్షన్ కూడా పోదు, ఊరికే నిలబడి ఉంటోంది. పొడవు 125 దాటితే రెండో బైటులో 126 పెట్టి తర్వాతి రెండు బైట్లలో అసలు పొడవు ఇవ్వాలని చదివాను, హెచ్‌టూఎన్‌ఎస్‌తో బైట్ల వరుస కూడా మార్చాను. తర్వాత ఫ్రేమ్ మొత్తానికి స్ట్ర్‌లెన్ ఫంక్షన్‌తో పొడవు తీసుకుని సెండ్ చేస్తున్నా.

కడప_సాకెట్: స్ట్ర్‌లెన్ తీసేయ్.

ఆదోని_మాస్టారు: ఆయన చెప్పింది నిజం. 200 అంటే ఆ రెండు బైట్లు 00, సీ8. స్ట్ర్‌లెన్ ఆ సున్నా దగ్గరే ఆగుతుంది కాబట్టి రెండు బైట్లే పోయాయి. మిగతావి వస్తాయని సర్వర్ ఎదురుచూస్తోంది. చిన్నవి ఒక్కోసారి పోకపోవడానికీ కారణం ఇదే. కీలో సున్నా ఉన్నా, డేటాలో బైటు, కీలో బైటు ఒకటే అయినా అక్కడ సున్నా వస్తుంది. పొడవు నువ్వే లెక్కపెట్టు: 125 వరకు డేటాకు 6 కలుపు, 65535 వరకు 8 కలుపు. సెండ్ ఎన్ని బైట్లు పంపానని చెప్పిందో కూడా చూసుకో, తక్కువైతే మిగిలినవి మళ్లీ పంపాలి. ఇంకొకటి, తెలుగులో మెసేజ్ పెడితే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. గుణింతం, పొల్లు కూడా విడిగా లెక్కే. 42 గుర్తులకే 126 దాకా వస్తావు.

కర్నూలు_ఎంబెడెడ్: ఇదంతా చేతితో రాయడం కన్నా లిబ్‌కర్ల్ లైబ్రరీ నయం, 7.86 నుంచి వెబ్‌సాకెట్ ఉంది. తమ్ముడూ, నీళ్లు లేకుండా మోటారు ఆడితే ఆపే రిలే ఉందా మరి? ఆంపియర్లు పడిపోగానే ఆపకపోతే మోటారు కాలిపోతుంది. ముందు అది చూసుకో.

కడప_సాకెట్: పింగ్ (ఉన్నావా అని సర్వర్ అడిగే ఫ్రేమ్) వస్తే పాంగ్ (దాని జవాబు) ఇవ్వు. అదీ మాస్క్ చేసి.

గార్లదిన్నె_చీనీతోట: 200 బైట్లు పోయాయి. థ్యాంక్స్ అన్నా, మాస్టారూ.

పులివెందుల_డ్రిప్: ఇదే కోడు నేను 443 పోర్టుకు పెడితే 101 కూడా రావడం లేదు. ఎవరైనా చెప్పగలరా?

కడప_సాకెట్: టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) కావాలి. వేరే పోస్టు పెట్టు.