సిలిండర్ ఫోనోగ్రాఫ్ మధ్యలో నెమ్మదిస్తోంది, స్ప్రింగా గవర్నరా?

మాది అమలాపురం దగ్గర. నా పాత సామాన్లలో గ్రామఫోన్ ప్లేట్లు కాకుండా మైనపు సిలిండర్లు పాడించే ఎడిసన్ ఫోనోగ్రాఫ్ ఒకటుంది, నిమిషానికి 160 చుట్లు తిరగాలి. పూర్తిగా కీ ఇచ్చినా 40 సెకన్లు బాగానే పాడి, లోపల ‘టక్’మని ఒక కుదుపు, అక్కణ్నుంచి గొంతు బొంగురుపోయి సుమారు 120కి పడిపోతోంది. సిలిండర్ తీసేసి ఖాళీగా తిప్పినా అంతే. గవర్నర్ (తిరిగే వేగాన్ని అదుపులో ఉంచే భాగం) బేరింగులకు కుట్టుమిషన్ నూనె వేశాను, ఫెల్ట్ ప్యాడ్ మార్చాను, బెల్టు కూడా కొత్తదే (పాతది మా తేమ గాలికి బూజు పట్టి సాగిపోయింది). స్ప్రింగ్ డబ్బా మాత్రం విప్పలేదు, ఎగిరొచ్చి చెయ్యి తెగుతుందని భయం. ఈ కుదుపు గ్రీజు గట్టిపడి స్ప్రింగ్ చుట్లు అతుక్కోవడం వల్లేనా, లేక గవర్నర్‌లోనే ఇంకేమైనా చూడాలా?