పనిని క్యూలో వేయాలా, టేబుల్‌లో రాయాలా?

గట్టుమీద: మా దగ్గర ఒక ప్రాసెస్ బిల్లులు తయారు చేస్తుంది, ఇంకొకటి వాటిని మెయిల్‌లో పంపుతుంది. మధ్యలో పనులను వర్కర్లకు (పని చేసే ప్రోగ్రాములకు) పంచే సెలెరీ, ఆ పనుల వరుసను, అంటే క్యూను, దాచే రెడిస్ ఉన్నాయి. ఆ రెండూ తీసేసి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టుకుంటే చాలని నా వాదన. 9.5 వెర్షన్ నుంచి, అంటే 2016 నుంచి, ‘స్కిప్ లాక్డ్’ ఉండనే ఉంది: ఒక వర్కర్ పట్టుకున్న (లాక్ చేసిన) రోను, అంటే టేబుల్‌లోని వరుసను, వదిలేసి ఇంకో వర్కర్ తర్వాతిది తీసుకుంటుంది. పైగా బిల్లూ, దాన్ని పంపే పనీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి, అంటే పడితే రెండూ, లేకపోతే ఏదీ కాదు. బిల్లు రద్దయితే పనీ ఉండదు. రెడిస్‌లో ఈ హామీ ఎక్కడుంది?

వరుసలోరండి: డేటాబేస్ ఉన్నది డేటా దాచడానికి. పని ఉందా, పని ఉందా అని ఇరవై వర్కర్లు క్షణక్షణం అడుగుతుంటే దాని అసలు పని ఎప్పుడు చేసుకుంటుంది? తీసేసిన రోలు పేరుకుపోయి, వాటిని శుభ్రం చేసే వాక్యూమ్ వెనకబడుతుంది. పని అందించడానికే పుట్టిన సాధనాన్ని కాదని ఇదెందుకు?

నిమ్మళం: మాదీ టేబులే. రోజుకు కొన్ని వేల పనులు. ఇబ్బంది లేదు.

గట్టుమీద: నా అనుభవం వినండి. ఒక నెలాఖరున బిల్లుల పని గంటా పది నిమిషాలు నడిచింది. పని ముగిశాకే రసీదు ఇచ్చే ‘యాక్స్ లేట్’ పెట్టుకున్నాం. రెడిస్ వాడితే సెలెరీలో విజిబిలిటీ టైమౌట్, అంటే రసీదు రాని పనిని ఇంకో వర్కర్‌కు ఇచ్చేముందు ఆగే గడువు, మామూలుగా 1 గంట. గంట దాటగానే, మొదటి వర్కర్ ఇంకా పనిలో ఉండగానే, అదే పని రెండో వర్కర్ చేతికి వెళ్లింది. ఖాతాదారులకు రెండేసి బిల్లులు!

వరుసలోరండి: ఆ 3600 సెకన్లు మార్చుకోవచ్చని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. చదవకపోవడం రెడిస్ తప్పా?

గట్టుమీద: ఎంతకు మార్చమంటారు? 3 గంటలు పెడితే, వర్కర్ ఉన్న యంత్రం ఆగిపోయిన రోజున ఆ పనిని 3 గంటలు ఎవరూ ముట్టుకోరు.

కొత్తచేయి: యాక్స్ లేట్ తీసేస్తే?

గట్టుమీద: అప్పుడు పని మొదలుకాకముందే రసీదు వెళ్లిపోతుంది. మధ్యలో వర్కర్ పోతే పనీ పోయినట్టే.

నిమ్మళం: టేబుల్‌లో పెట్టినా మెయిల్ వెళ్లాక, కమిట్‌కు (మార్పు ఖాయం కావడానికి) ముందు వర్కర్ పడిపోతే మళ్లీ మెయిల్ వెళ్తుంది. ‘ఈ నంబరు బిల్లు పంపేశాం’ అని విడిగా రాసుకుని, పంపే ముందు చూసుకోవాలి. ఎవరైనా ఈ ముక్క వింటున్నారా?

వరుసలోరండి: 3600 దగ్గరే ఉందాం. మీ టేబుల్‌లో మాత్రం రోను గంటసేపు లాక్ చేసి ఉంచాలంటే ట్రాన్సాక్షన్ గంటసేపు తెరిచి ఉండాలి. అంతసేపూ వాక్యూమ్ చేతులు కట్టేసినట్టే కదా! ఒక్క సెట్టింగు చూసుకోలేనివారు డేటాబేస్‌ను ఏం కాపాడతారు?

గట్టుమీద: మాట జారకండి. మీరు ఎప్పుడూ పంపే పక్షమే కదా? క్యూలో పడేయగానే మీ డ్యాష్‌బోర్డు పచ్చగా మారుతుంది, చేతులు దులుపుకుంటారు. రాత్రి రెండింటికి ఫోను మోగేది మా ఇంట్లో. టేబుల్‌లో ఉంటే ‘ఈ పని ఇంకా పూర్తి కాలేదు’ అని మీకూ కనబడుతుంది. నాకు కావలసింది అదే.

వరుసలోరండి: అలా చెప్పండి! మీ గొడవ రెడిస్‌తో కాదన్నమాట. అయితే నాదీ వినండి. ఒకప్పుడు ఇంకో బృందం పనుల కోసం మా టేబుల్‌ను నేరుగా చదువుకుంటామంటే సరేనన్నాం. ఆ తర్వాత ఒక కాలమ్ పేరు మార్చడానికి ఆరు వారాలు వాళ్లను బతిమాలాం. అప్పటినుంచి మా డేటాబేస్‌లో బయటివారు చేయి పెట్టడానికి ఒప్పుకోను. క్యూ నాకు గోడ. గోడ తీయను.

గట్టుమీద: గోడ ఉండనివ్వండి. గోడ అవతల ఏమైందో చూడను అంటేనే నా అభ్యంతరం.

నిమ్మళం: ఇంతకీ ఆ రెండేసి బిల్లులకు ఖాతాదారులకు క్షమాపణ ఎవరు చెప్పారు?

గట్టుమీద: నేనే. పని పంపిన బృందం ఆ మెయిల్ సీసీలో కూడా లేదు.