అహ్వాజ్–ఇస్ఫహాన్ దారి: బుషహర్ దారిలో సగమే ఉన్నా సరుకంతా ఇటు ఎందుకు మళ్ళలేదు?

పాతపటం:
ఇరాన్ షా నాసిరుద్దీన్ 1888లో నైరుతి ఇరాన్‌లోని కారూన్ నదిని విదేశీ స్టీమర్లకు తెరిచాడు. 1897లో అహ్వాజ్ నుంచి బఖ్తియారీ కొండల మీదుగా ఇస్ఫహాన్‌కు దారి వేసుకునే హక్కు ఇచ్చారు. దారి వేసింది బ్రిటిష్ కంపెనీ లించ్ బ్రదర్స్. 1899 చివరికి రాకపోకలు మొదలయ్యాయి. దీని పొడవు 280 మైళ్ళ లోపే. బుషహర్ రేవులో సరుకు దించి షిరాజ్ మీదుగా ఇస్ఫహాన్ చేర్చాలంటే 500 మైళ్ళు దాటుతుంది. అంత తేడా ఉన్నా బుషహర్ దారి మూతపడలేదు, కొత్త దారికి అనుకున్నంత సరుకూ రాలేదు. కారణం ఏమిటి? అసలు అంత డబ్బున్న బ్రిటిష్ వాళ్ళు రైలు వేయకుండా కంచరగాడిదల బాటతో ఎందుకు సరిపెట్టుకున్నారు? దారి సుంకం ఎవరి చేతికి వెళ్ళేది?

సుంకరి:
రైలు సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న జవాబే. 1890 నవంబరులో రష్యా షాతో ఒక ఒప్పందం రాయించుకుంది: పదేళ్ళ పాటు ఇరాన్‌లో రైలు మార్గం వేయకూడదు, ఎవరికీ హక్కు ఇవ్వకూడదు. 1900లో దాన్ని ఇంకో పదేళ్ళు పొడిగించారు. అంటే 1910 దాకా పట్టాలు అన్న మాటే లేదు. అందుకే ఆ ఇరవై ఏళ్ళలో ఇరాన్‌లో రోడ్డు హక్కుల కోసం అంత పోటీ కనిపిస్తుంది. రైలు దొరకని చోట రోడ్డు అడిగారు, అంతే.

ఈ నిషేధం రష్యాకే ఎక్కువ లాభం. ఉత్తరాన కాస్పియన్ సముద్రం ఉంది, బాకూ నుంచి అంజలీ రేవుకు ఓడ వస్తుంది. అక్కడి నుంచి టెహరాన్‌కు దారి ఒక్కటి బాగుంటే చాలు. అంజలీ–కజ్వీన్ హక్కును 1893లో పొల్యకోవ్ అనే బ్యాంకరు కంపెనీ తీసుకుంది. తరువాత దాన్ని టెహరాన్‌కు, హమదాన్‌కు పొడిగించుకున్నారు. పేరుకు ప్రైవేటు కంపెనీయే గాని వాటాల డబ్బు చాలావరకు రష్యా ఖజానాదే. అంజలీ పక్కనున్న రష్త్ నుంచి టెహరాన్ దాకా 1899లో బండ్లు తిరిగే రోడ్డు తెరిచారు. గమనించండి, బండ్లు తిరిగే రోడ్డు. అదే ఏడు దక్షిణాన తెరిచినది బండి పోలేని బాట. ఖర్చుకు వెనకాడని ఖజానా ఒకవైపు, లాభం లెక్క చూసుకునే స్టీమర్ కంపెనీ ఇంకోవైపు. ఈ పోటీ మొదటి నుంచీ సమానం కాదు.

మజిలీ:
సరుకు ఎందుకు మళ్ళలేదన్నదానికి మైళ్ళు కాదు, ఎన్నిసార్లు దించి ఎక్కించారో లెక్కపెట్టాలండి.

బొంబాయి నుంచో మాంచెస్టర్ నుంచో వచ్చిన బట్టల బేళ్ళు మొహమ్మెరా (ఇప్పటి ఖొర్రంషహర్) దగ్గర సముద్రపు ఓడ నుంచి దిగాలి. అక్కడ నది స్టీమర్ ఎక్కాలి. అహ్వాజ్ దగ్గర నదిలో రాతి గుండ్ల మీద నీరు సుడులు తిరిగే చోటుంది, స్టీమర్ దాటలేదు. ఇస్ఫహాన్ సరుకు అక్కడే దిగి గాడిదల మీదికి వెళ్తుంది. నది ఎగువనున్న షూష్తర్ ఊరి సరుకైతే ఆ సుడుల పక్కనే వేసిన చిన్న ట్రాం పట్టాల మీద పైకి జరిపి ఇంకో స్టీమర్ ఎక్కించాలి. ప్రతి చోటా కూలీ, నిల్వ, తడవడం, దొంగతనం. పైగా కారూన్‌లో మంచు కరిగే వసంతంలో వరద, వానలకు ముందు శరదృతువులో నీరు తక్కువ. బుషహర్‌లో అయితే ఒడ్డు చేరిన సరుకు ఒకేసారి బిడారు మీదికి ఎక్కి ఇస్ఫహాన్‌లోనే దిగొచ్చు.

ఇక బాట మీద. కంచరగాడిద మోసేది సుమారు 130–150 కిలోలు, రెండు పక్కలా సమంగా తూగాలి. మన దక్కన్‌లో లంబాడీల పెరిక ఎద్దుల పద్ధతే ఇదీ. అంటే ఒక్కో మూట 65–75 కిలోలు ఉంటేనే చక్కగా కుదురుతుంది. 110 కిలోల పెట్టె ఒకటి వచ్చిందనుకోండి, జోడు లేదు, నడుము మీద నిలబెట్టి కడితే కొండవాలులో జీను పక్కకు జారుతుంది, గాడిద వీపు పుండు పడుతుంది. పుండు పడిన గాడిద నెలల తరబడి పనికిరాదు. యంత్రాల భాగాలు ఈ దారిన రావడం ఎందుకు కష్టమో దీంతోనే తెలుస్తుంది.

20 టన్నుల సరుకుకు దాదాపు 140 గాడిదలు కావాలి. రోజుకు 25–30 కిలోమీటర్ల చొప్పున అహ్వాజ్ నుంచి ఇస్ఫహాన్‌కు 15 నుంచి 18 మజిలీలు. అన్ని గాడిదలకు మజిలీ మజిలీకీ మేత, బార్లీ దొరకాలి. బుషహర్ దారిలో తరాలుగా కారవాన్‌సరాయిలు, గడ్డి అమ్మే ఊళ్ళు ఉన్నాయి. బఖ్తియారీ కొండల్లో జనం సగం ఏడాది మందలతో వలస వెళ్ళేవాళ్ళే. వసంతంలో పైకి, శరత్తులో కిందికి మందలు కదిలితే బాట పక్కన గడ్డి మిగలదు. చలికాలం కనుమల్లో మంచు.

ఇన్నిటికీ మించినది తిరుగు సరుకు. చార్వాదార్, అంటే గాడిదల యజమాని, ఒక వైపు కిరాయికి రాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చేటప్పుడు నల్లమందో, జిగురో, తివాచీలో దొరికితేనే వస్తాడు. నల్లమందు వ్యాపారుల ఏజెంట్లు, గోదాములు, హుండీలు (డబ్బు చెల్లింపు పత్రాలు) అన్నీ బుషహర్‌తో ముడిపడి ఉన్నాయి. అహ్వాజ్‌లో స్టీమర్ దించిన బేళ్ళు గాడిదల కోసం వారాల తరబడి పడి ఉండటానికి ఇదే మూలం. దారి తక్కువైనంత మాత్రాన గాడిదలు వాటంతట అవి రావు కదా.

పాతపటం:
చాలా బాగా చెప్పారు మజిలీ గారూ. బుషహర్ దారి కూడా సుఖమైనది కాదుగా? కోతల్‌లు (కొండ కనుమలు) చాలా ఉన్నాయని విన్నాను.

మజిలీ:
ఉన్నాయి. బుషహర్–షిరాజ్ మధ్య కోతల్-ఎ-దొఖ్తర్, కోతల్-ఎ-పీర్-ఎ-జన్ లాంటి కనుమలు బఖ్తియారీ బాట కంటే తేలికేమీ కాదు. నడక కష్టంలో రెండూ రెండే. తేడా అలవాటులో, అప్పుల్లో, ఏజెంట్లలో ఉంది.

సుంకరి:
సుంకం విషయం. ఇక్కడ హక్కు పత్రం ఎవరి పేరున ఉందో చూడాలి. లించ్ పేరున కాదు, ఆ కొండల తెగ నాయకులైన బఖ్తియారీ ఖాన్‌ల పేరున ఉంది. కారణం స్పష్టం: ఆ కొండల్లో టెహరాన్ మాట చెల్లదు, ఖాన్‌ల మాటే చెల్లుతుంది. లించ్ కంపెనీ తన డబ్బుతో బాట సరిచేసి, వంతెనలు కట్టి అప్పగించాలి. ఖాన్‌లు ఆ మొత్తాన్ని వడ్డీతో సహా వాయిదాల్లో తీర్చాలి. బదులుగా జంతువు లెక్కన సుంకం వాళ్ళు వసూలు చేసుకోవచ్చు. కంపెనీకి లాభం రోడ్డు మీద కాదు, కారూన్ స్టీమర్ల కిరాయిలో.

ఖర్చులో పెద్ద భాగం రెండు ఉక్కు వంతెనలు. ఒకటి గొదారె బలూతక్ దగ్గర కారూన్ మీద. ఉక్కు ముక్కలు కూడా అదే బాటన మోసుకెళ్ళాల్సినవే కాబట్టి ముక్క సైజును జంతువు మోయగల బరువే నిర్ణయిస్తుంది. వంతెన సుంకానికి కూడా మంచి చోటు. బాట పక్కనుంచి తప్పించుకోవచ్చు గాని వరద నదిని తప్పించుకోలేరు.

తగువు ఎక్కడ పుట్టిందంటే మరమ్మతు దగ్గర. కొండవాలు బాట ఏటా మంచు కరిగాక కొట్టుకుపోతుంది. దాన్ని బాగుచేసిన ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి? కంపెనీ ఖాన్‌ల ఖాతాలో రాసేది, ఖాన్‌లు ఒప్పుకునేవాళ్ళు కాదు. ఇలాంటి ఒప్పందం ఏది చదివినా నిర్మాణం ఖర్చు కంటే ముందు మరమ్మతు నిబంధన వెతకమంటాను.

ఖాన్‌ల రాజకీయం కూడా తోడైంది. హక్కు పొందిన ముగ్గురిలో ఒకడైన హాజీ అలీ కులీ ఖానే తరువాతి సర్దార్ అస్సద్. రాజ్యాంగ ఉద్యమంలో 1909లో బఖ్తియారీ సేనలతో టెహరాన్ చేరాడు. పెద్ద ఖాన్‌లు రాజధానిలో పదవులు చూసుకుంటుంటే బాట మీద కాపలా పలచబడింది.

దారిబత్తెం:
ఇంకో దారి చేర్చాలి, అది సగంలో ఆగిపోయింది కాబట్టి ఎవరూ తలవరు. టెహరాన్ నుంచి ఖుమ్, బురూజెర్ద్ మీదుగా అహ్వాజ్‌కు రోడ్డు హక్కును 1890లో ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ పర్షియా కొన్నది. పని టెహరాన్ వైపు నుంచి మొదలుపెట్టి ఖుమ్ దాకా తెచ్చి ఆపేశారు. నా దృష్టిలో తప్పు అక్కడే జరిగింది. సరుకు వచ్చేది దక్షిణం నుంచి. బండి రోడ్డు రేవు దగ్గర మొదలైతే సరుకు బండి మీద ఎక్కుతుంది. రాజధాని దగ్గర మొదలైతే దక్షిణం నుంచి గాడిద మీద వచ్చిన మూట ఖుమ్‌లో దిగి బండెక్కాలి, దానికి సుంకం కూడా కట్టాలి. అప్పటికే కిరాయి మాట్లాడుకున్న గాడిదవాడు అదే పాత బాటన టెహరాన్ దాకా పోతాడు. బ్యాంకుకు నష్టమే మిగిలింది. కొన్నేళ్ళ తరువాత ఆ హక్కు లించ్ వాళ్ళ చేతికి వెళ్ళింది.

పాతపటం:
భారత ప్రభుత్వం వేసిన నుష్కీ దారి కూడా ఇలాంటి హక్కేనా? టీ వ్యాపారం కోసమని చదివాను.

దారిబత్తెం:
కాదండి. క్వెట్టా నుంచి నుష్కీ మీదుగా తూర్పు ఇరాన్‌లోని సీస్తాన్ వెళ్ళే ఆ దారి ఇరాన్ సరిహద్దు దాకా బ్రిటిష్ బలూచిస్తాన్‌లోనే ఉంది కాబట్టి షా అనుమతి అక్కర్లేదు. 1896లో తెరిచారు. నుష్కీ దాటాక ఎడారి గుండా సుమారు 600 కిలోమీటర్లు. బావులు తవ్వించడం, ఠాణాలు పెట్టడం, మజిలీ బంగళాలు కట్టడం, ఇదే ఆ రోడ్డు పని. రవాణా అంతా ఒంటెల మీదే. ఈశాన్య ఇరాన్‌లోని ఖొరాసాన్‌కు భారత టీ, నీలిమందు పంపాలన్నది ఆశ. 1905లో రైలు నుష్కీ దాకా వచ్చింది.

అక్కడా దెబ్బ కొట్టినవి రెండు. రష్యా–ఇరాన్ కొత్త సుంకాల పట్టీ 1903లో అమల్లోకి వచ్చాక టీ మీద పన్ను బాగా పెరిగింది. సీస్తాన్ నుంచి తిరిగి తెచ్చే సరుకు చాలా తక్కువ, ఒంటెలవాడు రానుపోను కిరాయి వ్యాపారి మీదే వేసేవాడు. అటు ఖొరాసాన్ ముఖ్య నగరం మష్హద్‌కు ఉత్తరాన అష్కాబాద్‌లో రష్యా రైలు 1885 నుంచే ఉంది. నుష్కీ నుంచి పట్టాలు మళ్ళీ కదిలింది మొదటి ప్రపంచ యుద్ధంలోనే, అదీ టీ కోసం కాదు, సైన్యం కోసం.