అప్‌డేట్: డిగ్రీ అయింది, ఎలా బతకాలి అని అడిగింది నేనే

బీకాం పూర్తయింది, వేరే పనేదీ రాదు, చేతిలో డబ్బు లేదు, కోనసీమలోనే ఉంటూ ఎలా నెట్టుకురావాలని అప్పట్లో అడిగాను. ఇప్పుడు అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తున్నాను. జీతం తక్కువే, అయినా ఇంట్లో చేయి చాచడం లేదు. కాయల రాక, కురిడీ (ఎండు కొబ్బరి) ధర, లారీ కిరాయి, రైతులకిచ్చిన అడ్వాన్సులు... కాలేజీలో చెప్పని లెక్కలన్నీ ఇక్కడే నేర్చుకుంటున్నాను.

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ గురించి చెప్పినవారికి రుణపడి ఉంటాను. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. మా ఊళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియకపోవడం బాధగా ఉంది. సెల్‌ఫోన్ రిపేరు కోర్సుకు దరఖాస్తు పెట్టాను. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర శిశు రుణం 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు కానీ, పని చేతికి రాకముందు అప్పు జోలికి వెళ్లను. శిక్షణ మొదలైతే సెలవు ఇస్తానని షావుకారు గారు మాట ఇచ్చారు.