స్టీఫెన్ కింగ్ నవలల్లో అసలు వణుకు పుట్టించేది ఏది?

నిద్రలేని_రవి:
స్టీఫెన్ కింగ్‌ది ఒక్కటే చదవాలంటే ఏది చదవాలి అని మా ఆఫీసులో ఒకమ్మాయి అడిగింది. నోట్లోంచి ‘ది షైనింగ్’ అని వచ్చేసింది. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. పేరున్న పుస్తకమని చెప్పానా, నిజంగా భయపడి చెప్పానా? మీరైతే ఏది చెబుతారు? ఒక్కటే చెప్పాలి, లిస్టులొద్దు.

ఆబిడ్స్_అన్న:
‘పెట్ సెమెటరీ’ (1983). ఇంకో మాట లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన కాపీ దొరికింది. పేరులో Cemetery బదులు Sematary అన్న స్పెల్లింగ్ చూసి, దొంగ ప్రింటు అంటగడుతున్నాడేమో అనుకున్నా. తీరా చదివితే అది పిల్లలు రాసిన బోర్డు! చచ్చిపోయిన కుక్కల్నీ పిల్లుల్నీ పాతిపెట్టే చోట తప్పుగా రాసి నిలబెట్టారు. దానికి అవతల ఇంకో నేల ఉంటుంది. అక్కడ పాతితే తిరిగొస్తాయి, కానీ పోయినవి పోయినట్టు రావు. డాక్టరు లూయిస్ ముందు కూతురి పిల్లిని పాతాడు. తర్వాత ఎవరినో నేను చెప్పను.

దెయ్యాల సంగతి అలా ఉంచండి. లూయిస్ తన బుడ్డోడు గేజ్‌తో గాలిపటం ఎగరేసే చాప్టర్ ఒకటుంది. ఎంత ముద్దుగా ఉంటుందో. వాడు పకపకా నవ్వుతున్న ఆ వాక్యంలోనే కింగ్ చెప్పేస్తాడు, వీడికింక రెండు నెలలు కూడా లేవని. ఏమీ దాచుకోడు. అక్కణ్ణించి ఆ ఇంటి ముందు లారీ వెళ్ళినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టయింది.

గోదారి_పిల్ల:
మొత్తం చెప్పేసి ‘చెప్పను’ అంటారేంటి అన్నయ్యా! నా ఓటు ‘ది షైనింగ్’కే. సినిమా చూసి మాట్లాడేవాళ్ళు కాస్త పక్కకి జరగండి. దర్శకుడు కుబ్రిక్ తీసిన సినిమాలో (1980) తండ్రి జాక్ మొదట్నుంచే తేడాగా ఉంటాడు. నవలలో (1977) అలా కాదు. తాగుడు మానేసి, ఉద్యోగం పోగొట్టుకుని, ఓ ఖాళీ హోటల్ కాపలా పనినే ఆఖరి ఆశగా పట్టుకున్న మనిషి. బాగుపడదామనే చూస్తాడు పాపం.

కందిరీగల గూడు గుర్తుందా? మందు కొట్టి (పురుగుల మందు లెండి), అన్నీ చచ్చాయనుకుని ఆ గూడు కొడుక్కి ఇస్తాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తనకీ ఒకటి ఇచ్చాడట. రాత్రికి అందులోంచి కందిరీగలు బతికి లేచి పిల్లాణ్ణి కుడతాయి. తాగుబోతు తండ్రి కొడుక్కి ఏం ఇచ్చిపోతాడో ఆ ఒక్క సీన్‌లో ఉంది.

నిద్రలేని_రవి:
ఆ హోటల్ కూడా ఉత్త ఊహ కాదు. 1974లో కింగ్ దంపతులు కొలరాడోలోని స్టాన్లీ హోటల్‌కి వెళ్తే, సీజన్ అయిపోయి మూసేసే సమయం. వాళ్ళు తప్ప ఇంకో అతిథి లేడు. వాళ్ళున్న గది 217. నవల్లోనూ అదే నంబరు.

ఆబిడ్స్_అన్న:
అలా అయితే నాదీ వినండి. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఓరింగ్టన్ అనే ఊళ్ళో, లారీలు తిరిగే రోడ్డు పక్కన కింగ్ కుటుంబం అద్దెకుంది. కూతురి పిల్లి ఆ రోడ్డు మీదే పోయింది. చిన్నకొడుకు ఒకసారి అదే రోడ్డువైపు పరిగెత్తాడు. దక్కాడు. దక్కకపోయుంటే అన్నదే ఈ నవల. రాశాక మరీ ఘోరంగా ఉందని ఆయనే పక్కన పడేశాడు. పాత పబ్లిషర్‌కి ఒక పుస్తకం బాకీ ఉండబట్టి బయటికొచ్చింది. రాసినవాడే దాచుకున్నాక ఇంకేం సాక్ష్యం కావాలి? ఖాళీ హోటల్లో పడుకుంటే ఎవడైనా భయపడతాడు.

కరెంట్_పోయింది:
మీరిద్దరూ చేతబడి దాటి రారా? ‘మిజరీ’ (1987) చదవండి. కాళ్ళు విరిగి మంచాన పడ్డ రచయిత, ఆయన వీరాభిమాని ఆన్నీ, అంతే. సినిమాలో ఆమె సుత్తితో చీలమండలు విరగ్గొడుతుంది. పుస్తకంలో గొడ్డలి. అక్కడికొచ్చాక లేచి వెళ్ళి టీ పెట్టుకున్నా, తాగలేకపోయా.

గోదారి_పిల్ల:
అది థ్రిల్లర్ బ్రో. ఆన్నీ బయటి మనిషి, తప్పించుకోవచ్చు. ఇంట్లో ఉన్న నాన్న నుంచి ఎక్కడికి పోతాం? చివర్లో ఒక్క క్షణం జాక్‌కి తెలివొచ్చి, పారిపో అని కొడుక్కి చెబుతాడు చూడండి. నేను ఏడ్చింది అక్కడే.

టీచర్_గారు:
‘ఇట్’ ఎవరూ అనలేదేం? కాగితప్పడవ వెంట పరిగెత్తే పిల్లాడితో మొదలెట్టిన తీరు అద్భుతం. వెయ్యి పేజీలు దాటాక సాలీడు వచ్చింది చూడండి, నా నాలుగు వారాలు ఎవరిస్తారు?

ఇద్దరి_అమ్మ:
ఆబిడ్స్ అన్న గారూ, మీ పుస్తకం నేనూ చదివాను. మా చిన్నోడు నా మీద కాలేసుకుని నిద్రపోతుంటే. లూయిస్ పరిగెత్తి కొడుకు జాకెట్ అందుకుంటాడు, వాడు పెరిగి పెద్దవాడై ఒలింపిక్స్‌లో ఈతకి కూడా వెళ్తాడు, ‘హమ్మయ్య’ అనుకున్నాను. తర్వాత తెలిసింది, అదంతా ఆ తండ్రి ఊహ అని. నాకు భయం వెయ్యలేదండీ. కోపమొచ్చింది. అది దుఃఖం, హారర్ అని లేబుల్ అంటించి మనకి అమ్మారు. లూయిస్ భార్య రేచల్‌కి అక్క అయిన జెల్డా కనిపించే పేజీలు మాత్రం నిజంగా భయమే, ఇప్పటికీ వెనక గదిలో లైటు ఆర్పను.

ఆబిడ్స్_అన్న:
అమ్మా, మీ మాట కాదనలేను. కానీ ఆ దుఃఖం ఉండబట్టే కదా లూయిస్ పార పట్టుకుని వెళ్ళింది? తప్పని తెలుసు, పిల్లి ఎలా తిరిగొచ్చిందో కళ్ళారా చూశాడు. అయినా వెళ్ళాడు. నేనైతే వెళ్ళనా అని నన్ను నేనే అడిగా. జవాబు నచ్చలేదు. నా భయం అదీ.

నిద్రలేని_రవి:
ఇవాళ రెండు పుస్తకాలూ బ్యాగులో వేసుకెళ్ళా. ‘పెట్ సెమెటరీ’ కథ రెండు ముక్కల్లో చెప్పగానే ఆ అమ్మాయి, “మా ఇంట్లో పిల్లుంది రవిగారూ, ఆ హోటల్దే ఇవ్వండి” అంది.